బోరు నీళ్ళు మారితే ఆర్‌ఓ పొర ఏం చేస్తుంది?

ఊళ్ళో వాటర్ ప్లాంటు నడిపేవాళ్ళకి ఏడాది పొడవునా ఫిర్యాదులు తప్పవు. కాకపోతే కాలాన్ని బట్టి ఫిర్యాదు మారుతుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఉప్పగా ఉంటున్నాయని, క్యాను నిండడానికి చాలాసేపు పడుతోందని అంటారు. తొలకరి పడ్డాక రుచి బాగుపడుతుంది గానీ, నెలకోసారి మార్చే ఫిల్టర్ క్యాండిల్ వారానికే ఎర్రబడి మూసుకుపోతుంది. సంక్రాంతి చలికి నీళ్ళు తియ్యగానే వస్తాయి, ధార మాత్రం సన్నబడుతుంది. ఈ మూడు కాలాల్లోనూ మోటారు అదే, పైపులు అవే, మెంబ్రేన్లూ అవే. మెకానిక్కుని పిలిస్తే మూడు ఫిర్యాదులకీ తరచు ఒకే జవాబు వస్తుంది: "మెంబ్రేన్ పోయిందండీ, మార్చాలి."

నిజంగానే కొన్నిసార్లు పోయి ఉంటుంది. చాలాసార్లు మాత్రం పొరకి ఏమీ కాదు. దానికి అందే నీళ్ళు మారి ఉంటాయి. ఆర్‌ఓ యంత్రం ఎలాంటి నీళ్ళు పోసినా ఒకే నాణ్యత గల నీళ్ళు ఇస్తుందని మనం నమ్ముతాం. అది చేసేది వేరు. వచ్చిన ఉప్పులో ఇంత వంతు ఆపుతుంది, మిగతాది వదిలేస్తుంది. ఆ వంతు కూడా ఉప్పు ఎంతుందో, నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో, ఎంత ఒత్తిడితో తోస్తున్నామో అన్నదాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ప్లాంటు ఆరోగ్యం తెలియాలంటే పొర కంటే ముందు దానిలోకి వెళ్ళే నీళ్ళని చదవాలి.

జల్లెడ అనుకుంటే పొరపాటే

ఆర్‌ఓ పొర అనగానే చాలామంది సన్నటి రంధ్రాలున్న జల్లెడని ఊహించుకుంటారు. ఉప్పు నీటిలో కరిగాక సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. పరిమాణంలో ఇవి నీటి అణువు కంటే మరీ పెద్దవేమీ కావు. సైజు ఒక్కదాన్నే చూసి వేరు చేయాలంటే సాధ్యమయ్యే పని కాదు.

అసలు పని చేసేది పాలీఅమైడ్ అనే పదార్థంతో చేసిన పలచటి పూత. దాని మందం సుమారు 100 నుంచి 200 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు 500వ వంతు. అంత పలచటి పూత తనంతట తాను నిలబడలేదు కాబట్టి, దాని కింద రంధ్రాలున్న పాలీసల్ఫోన్ పొర, ఆ కింద పాలియెస్టర్ గుడ్డ ఉంటాయి. ఇలాంటి షీట్లని రెండేసి చొప్పున మూడు వైపులా అంటించి, మధ్యలో చిల్లులున్న సన్న గొట్టం చుట్టూ చాపలా చుడతారు. ఊళ్ళలోని ప్లాంట్లలో కనిపించే 4 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవున్న మెంబ్రేన్ ఇదే.

నీటి అణువులు ఈ పాలీఅమైడ్ పూతలో ఇమిడి, దానిలోంచి నెమ్మదిగా అవతలి వైపుకి చేరతాయి. విద్యుదావేశం ఉన్న అయాన్లు తమ చుట్టూ నీటి అణువులని పట్టుకుని ఉంటాయి. అవి ఆ పూతలో ఇమడడం కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు. ఎప్పుడూ కొంత ఉప్పు దాటుతూనే ఉంటుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఈ పద్ధతి పుట్టి ఆరు దశాబ్దాలు దాటింది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతీయ శాస్త్రవేత్త శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో సెల్యులోజ్ అసిటేట్‌తో పనికొచ్చే పొరని తయారు చేశారు. 1965లో కాలిఫోర్నియాలోని కొలింగా అనే చిన్న పట్టణంలో మొదటి ప్లాంటు నడిచింది. అక్కడ భూగర్భ జలం ఉప్పన కావడంతో అంతకు ముందు తాగే నీళ్ళు రైలు ట్యాంకర్లలో తెప్పించుకునేవారు. ఇప్పుడు మనం వాడే పాలీఅమైడ్ పొరని 1970ల చివర్లో జాన్ కడాట్ రూపొందించాడు. అంటే ఆర్‌ఓ పుట్టింది సముద్రాన్ని తాగడానికి మాత్రమే కాదు. మన బోర్ల లాంటి ఉప్పు బోర్లతోనే అది ఓనమాలు దిద్దుకుంది.

నీటికి ఒత్తిడి కావాలి, ఉప్పుకి అక్కర్లేదు

మాగాయకి మామిడి ముక్కలు తరిగి ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట నిలుస్తుంది. ముక్కలో ఉన్న నీళ్ళని బయటి ఉప్పు లాగేసింది. నీళ్ళు తమంతట తాము ఎప్పుడూ పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకే వెళతాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ద్రవాభిసరణం అన్నారు. ఆర్‌ఓలో మనకి కావలసింది దీనికి తలకిందులు. ఉప్పు నీళ్ళలోంచి మంచినీళ్ళని వెనక్కి తోడుకోవాలి. అందుకు ఉప్పు లాగే బలం కంటే ఎక్కువ బలంతో పంపు తొయ్యాలి.

ఆ లాగుడు ఎంతుంటుందో సుమారుగా చెప్పుకోవచ్చు. లీటరులో 1000 మిల్లీగ్రాముల లవణాలుంటే దాదాపు 0.75 బార్. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి సుమారు 1 బార్. లీటరుకి 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీటికైతే అది 27 బార్ దాకా ఉంటుంది. పంపు ఇచ్చే ఒత్తిడిలోంచి ఈ లాగుడుని తీసేయగా మిగిలిందే నీళ్ళని అవతలికి నెడుతుంది.

ఉప్పు దారి వేరు. పొరకి రెండు వైపులా ఉప్పు ఎంత తేడాగా ఉందో దాన్ని బట్టే అది దాటుతుంది. పంపు ఒత్తిడితో దానికి పెద్దగా సంబంధం లేదు. పంపు గట్టిగా తోస్తే నీళ్ళు ఎక్కువ దాటతాయి, ఉప్పు దాదాపు అంతే దాటుతుంది, కాబట్టి వచ్చే నీళ్ళు పలచబడతాయి. తోపుడు తగ్గితే నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు తగ్గదు. వేసవిలో జరిగేది సరిగ్గా ఇదే. ఉప్పు పెరిగేసరికి నీళ్ళూ తగ్గుతాయి, నాణ్యతా తగ్గుతుంది. రెండు ఫిర్యాదులూ కలిసికట్టుగా రావడానికి కారణం అది.

■ బాక్స్: ఒక లెక్క

పాత బోరు ఎండిపోయి, ప్లాంటుకి లోతైన కొత్త బోరు కలిపారనుకుందాం. పాత బోరు టీడీఎస్ (లీటరులో కరిగి ఉన్న లవణాల మిల్లీగ్రాములు) 1000, కొత్తది 3000. పంపు ఒత్తిడి రెండు సందర్భాల్లోనూ 10 బార్. పోసిన నీళ్ళలో సగం మంచినీళ్ళుగా, సగం ఉప్పు చిక్కబడ్డ వృథా నీళ్ళుగా, అంటే రిజెక్ట్‌గా, వెళుతున్నాయి.

పాత బోరు: మెంబ్రేన్ మొదట్లో 1000 ఉన్న లవణాలు చివరికి వెళ్ళేసరికి 2000 అవుతాయి. సగటు 1500. ఉప్పు లాగుడు సుమారు 1.1 బార్. నీళ్ళని నెట్టడానికి మిగిలింది 8.9 బార్.

కొత్త బోరు: మొదట్లో 3000, చివర 6000, సగటు 4500. లాగుడు సుమారు 3.4 బార్. మిగిలింది 6.6 బార్.

మంచినీళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. పొరని దాటే ఉప్పు మూడు రెట్లయింది. మూడు రెట్ల ఉప్పు ముప్పావు వంతు నీళ్ళలో కలిసింది కాబట్టి క్యానులో టీడీఎస్ నాలుగు రెట్లవుతుంది. నిన్నటిదాకా 50 చూపించిన మీటరు ఇవాళ 200 చూపిస్తుంది. పొర మాత్రం నిన్న ఎంత బాగుందో ఇవాళా అంతే బాగుంది.

వాల్వు బిగిస్తే వచ్చే చిక్కు

నీళ్ళు తగ్గాయని జనం అరుస్తుంటే ఆపరేటర్ చేతికి అందే ఉపాయం ఒకటుంది, రిజెక్ట్ వాల్వుని కాస్త బిగించడం. రిజెక్ట్ తగ్గుతుంది, మంచినీళ్ళ ధార పెరుగుతుంది, ఆ పూటకి గొడవ సద్దుమణుగుతుంది. అసలు గొడవ అప్పటి నుంచే మొదలవుతుంది.

100 లీటర్లు పోసి 50 లీటర్లు మంచినీళ్ళు తీస్తే మిగిలిన 50 లీటర్లలో లవణాలు రెట్టింపవుతాయి. 75 తీస్తే నాలుగు రెట్లు, 80 తీస్తే అయిదు, 90 తీస్తే పది రెట్లు. ఇది మెంబ్రేన్ చివరలో ఉండే సంగతి. పొరని ఆనుకుని ఉండే నీళ్ళలో చిక్కదనం ఇంకా ఎక్కువ. నీళ్ళు పొరలోకి దూరిపోతుంటే ఉప్పు అక్కడే పేరుకుంటుంది. దాన్ని కొట్టుకుపోయేలా చేసేది పక్కగా పారే రిజెక్ట్ ధారే. వాల్వు బిగించినప్పుడు ఆ ధారనే చంపుకుంటాం.

చిక్కదనం ఒక హద్దు దాటితే లవణాలు గడ్డకడతాయి. కాల్షియం కార్బొనేట్, కాల్షియం సల్ఫేట్, సిలికా, కాల్షియం ఫ్లోరైడ్ తెల్లటి గరుకు పొరగా మెంబ్రేన్ మీద పరుచుకుంటాయి. ఇంట్లో గీజర్ కాయిల్‌కి పట్టే గారలో ఉండేదీ చాలావరకు ఈ కాల్షియం కార్బొనేటే. దీన్ని ఆపడానికి యాంటీస్కేలెంట్ అనే రసాయనాన్ని చుక్కలు చుక్కలుగా కలుపుతారు. అది గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. వానాకాలపు నీళ్ళకి సరిపోయిన మోతాదు మే నెలకి సరిపోదు.

రెండు బోర్లు కలిపే చోట ఇంకో మెలిక ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భ జలాల్లో సాధారణంగా కాల్షియం తక్కువ ఉంటుంది, ఎందుకంటే కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి రాతిలోనే ఖనిజంగా ఉండిపోతుంది. అలాంటి బోరు నీళ్ళకి కాల్షియం దండిగా ఉన్న ఇంకో బోరు నీళ్ళు తోడైతే, విడివిడిగా గార కట్టని రెండు నీళ్ళూ కలిశాక గార కడతాయి. టీడీఎస్ మీటరు రెండింటికీ మధ్యన ఓ అంకె చూపించి ఊరుకుంటుంది. కాబట్టి పరీక్ష ఒక్కో బోరుకి కాదు, రెండూ కలిసిన నీళ్ళకి చేయించాలి.

ఎండ దాచిపెట్టే మురికి

నీళ్ళు వెచ్చబడితే పలచబడతాయి, పొర కూడా కాస్త వదులవుతుంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే మంచినీళ్ళ ధార సుమారు 3 శాతం పెరుగుతుంది. కంపెనీలు మెంబ్రేన్ మీద అచ్చేసే సామర్థ్యం 25 డిగ్రీల దగ్గర కొలిచింది. బోరులోంచి వచ్చే నీళ్ళ వెచ్చదనం ఏడాదంతా పెద్దగా మారదు గానీ, డాబా మీది నల్లటి ట్యాంకులో నిలిచిన నీళ్ళు మే మధ్యాహ్నం 35 డిగ్రీలు దాటుతాయి. జనవరి తెల్లవారుజామున అవే 20 దాకా పడిపోతాయి. ఆ 15 డిగ్రీల తేడాకే ధార మూడింట రెండు వంతులకి తగ్గుతుంది. వేడికి ఉప్పు దాటడమూ పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. చలికాలంలో నీళ్ళు తియ్యగా ఉంటూనే ధార సన్నబడేది ఇందుకే.

ఇందులో ఓ మోసం కూడా ఉంది. బోరులో ఉప్పు పెద్దగా పెరగని చోట, మార్చి నుంచి పొర మీద మురికి నెమ్మదిగా పేరుకుంటోందనుకోండి. మురికి వల్ల తగ్గాల్సిన ధారని పెరుగుతున్న ఎండ పూడ్చేస్తుంది. ధారని కొలిచే రోటామీటర్‌లో బంతి కదలదు, ఎవరికీ అనుమానం రాదు. నవంబరులో చలి మొదలయ్యాక అన్నాళ్ళ మురికీ ఒక్కసారిగా బయటపడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది కదా" అంటారు. నిన్నటిదాకా బాగున్నది పొర కాదు, ఎండ.

పెద్ద ప్లాంట్లలో ఇంజినీర్లు అందుకే రోజువారీ ధారని అలాగే పోల్చరు. ఇవాళ్టి వేడి, ఇవాళ్టి ఉప్పు, ఇవాళ్టి ఒత్తిడి తీసుకుని, ప్లాంటు మొదలైన రోజు పరిస్థితిలో అయితే ఎంత వచ్చేదో లెక్కగట్టి అప్పుడు పోలుస్తారు. ఈ లెక్కకి ప్రామాణిక పద్ధతి ఉంది, మెంబ్రేన్ కంపెనీలు దీనికి ఉచితంగా ఎక్సెల్ షీట్లు కూడా ఇస్తాయి. ఈ లెక్క చేశాక కూడా ధార 10 శాతం తగ్గితే అప్పుడు పొర మీద అనుమానపడాలి.

వానలు పడ్డాక

తొలకరి తర్వాత బోరులో ఉప్పు పలచబడుతుంది. టీడీఎస్ మీటరు సంతోషపెడుతుంది. అయితే వాననీళ్ళు ఒంటరిగా దిగవు. మట్టి రేణువులు, కుళ్ళిన ఆకుల రసం, సూక్ష్మజీవులు, పశువుల కొట్టాల నుంచి, మరుగుదొడ్డి గుంతల నుంచి, ఎరువు చల్లిన చేల నుంచి నైట్రేట్ కూడా వెంట వస్తాయి. నైట్రేట్‌ని పొర కాల్షియం, సల్ఫేట్ అంత బాగా ఆపలేదు. తాగే నీటిలో అది లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతని మాత్రమే కాబట్టి అందులో నైట్రేట్ ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో అది చెప్పలేదు.

ఎర్రబడే క్యాండిల్ సంగతి ఇనుముది. గాలి తగలని లోతులో ఇనుము కరిగి ఉంటుంది, నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. ట్యాంకులో గాలి సోకగానే అది తుప్పుగా మారి తేలుతుంది. మారేది సాండ్ ఫిల్టర్‌కి ముందే అయితే మంచిదే, అక్కడే ఆగుతుంది. సగం మారి సగం కరిగి ఉన్న ఇనుము ఫిల్టర్లన్నీ దాటుకుని మెంబ్రేన్ మీద తుప్పవుతుంది. దాని మీద సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. కొద్ది రోజుల్లో వేలికి జారే జిగురు పొర తయారవుతుంది.

నీళ్ళు మెంబ్రేన్‌కి పంపడానికి తగినవో కావో కంటితో చెప్పలేం. అందుకు ఓ చిన్న పరీక్ష ఉంది. 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న, అరచేతిలో ఇమిడే తెల్లటి గుండ్రటి ఫిల్టర్ కాగితం తీసుకుని, దాదాపు 2 బార్ ఒత్తిడితో నీళ్ళు పంపుతారు. అర లీటరు దిగడానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు. నీళ్ళని అలాగే 15 నిమిషాలు పారనిచ్చి మళ్ళీ అర లీటరుకి సమయం చూస్తారు. మొదట 20 సెకన్లు పట్టి, తర్వాత 40 సెకన్లు పట్టిందంటే వేగం సగానికి, అంటే 50 శాతం పడిపోయింది. 50ని 15 నిమిషాలతో భాగిస్తే 3.3. ఇది సిల్ట్ సూచిక. 3 లోపుంటే బాగున్నట్టు, 5 దాటితే మెంబ్రేన్ దాకా పంపకూడదు. పరీక్ష అయ్యాక ఆ కాగితాన్ని పారేయకుండా తేదీ రాసి పెట్టుకుంటే అదో రికార్డు. ఎర్రగోధుమ మరకైతే ఇనుము. నల్లగా ఉంటే తరచుగా కార్బన్ ఫిల్టర్ పొడి, లేదా మాంగనీస్.

కుళాయి నీళ్ళు కలిపితే

బోరు ఎండినప్పుడు కొన్ని చోట్ల ప్లాంటుకి పంచాయతీ కుళాయి నీళ్ళు కలుపుతారు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్ళని శుద్ధి చేసి ఊళ్ళకి పంపుతోంది. టీడీఎస్ తక్కువ కాబట్టి పొరకి పండగే అనిపిస్తుంది. అయితే శుద్ధి చేసిన కుళాయి నీళ్ళలో సూక్ష్మజీవులు పెరగకుండా క్లోరిన్ ఉంచుతారు. కుళాయి చివరన లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పాలీఅమైడ్ పూతకి 0.1 కూడా ఎక్కువే. క్లోరిన్ ఆ పూత రసాయన బంధాల్ని దెబ్బతీస్తుంది.

ఈ రెండింటికీ మధ్య కాపలా ఉండేది కార్బన్ ఫిల్టర్. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఏళ్ళ తరబడి ఆ కార్బన్‌ని ఎవరూ మార్చి ఉండరు. కొత్త నీళ్ళు వచ్చాక క్లోరిన్ నేరుగా మెంబ్రేన్ మీదికి వెళుతుంది. లక్షణాలు కూడా తికమక పెడతాయి. ధార పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఆపరేటర్ సంబరపడతాడు. ఉప్పు దాటడం మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. గార అయితే కడిగితే పోతుంది. క్లోరిన్ తిన్న పొరని ఏ ఆసిడ్డూ బాగుచేయదు. అసలు కుళాయి నీళ్ళు ప్రమాణాలకి తగ్గట్టే ఉంటే వాటిని ఆర్‌ఓలో పోసి సగం రిజెక్ట్‌గా పారబోయడంలో అర్థమూ లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 కంటే తక్కువున్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని కేంద్ర పర్యావరణ శాఖని ఆదేశించింది ఈ వృథా చూసే.

పొరని కోసి చూస్తే

వాడి పడేసిన మెంబ్రేన్‌ని నిలువునా కోసి పరిస్తే ఏడాది నీళ్ళ చరిత్రంతా కనిపిస్తుంది. నీళ్ళు ముందుగా ప్రవేశించే మొదటి మెంబ్రేన్ ముఖం మీద గోధుమ రంగు జిగురు, మట్టి ఉంటే అది ఫిల్టర్ల లోపం. వానాకాలపు తప్పు. చివరి మెంబ్రేన్ తోక వైపు తెల్లటి గరుకు పొడి ఉంటే అది గార, నీళ్ళు అక్కడే ఎక్కువ చిక్కబడతాయి కాబట్టి. వేసవి తప్పు, లేదా వాల్వు బిగించిన తప్పు. ఆ పొడి మీద చుక్క ఆసిడ్ వేస్తే బుసబుస పొంగితే కాల్షియం కార్బొనేట్. పొంగకపోతే సల్ఫేటో సిలికానో అయి ఉండవచ్చు, దాన్ని వదిలించడం కష్టం. కోయకుండానే తెలుసుకోవాలంటే నీళ్ళు ఓడ్చి తూకం వేస్తే చాలు. మొదటిది బరువుందో చివరిది బరువుందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

■ బాక్స్: మూడు అంకెలతో రోగ నిర్ణయం

చూడాల్సినవి మూడు: ఉష్ణోగ్రత సరిచేశాక వచ్చే ధార, దాటే ఉప్పు శాతం, మెంబ్రేన్ గొట్టానికి ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజీల తేడా.

గేజీల తేడా ముందుగా పెరిగితే: నీళ్ళు పారే దారిలో మట్టి లేదా జిగురు అడ్డుపడింది.

ధార తగ్గి, దాటే ఉప్పు పెరిగి, చివరి మెంబ్రేన్ దగ్గర సమస్య ఎక్కువుంటే: గార.

ధార పెరిగి, దాటే ఉప్పు కూడా పెరిగితే: క్లోరిన్ దెబ్బ, లేదా ఓ-రింగ్ లీకు.

ధార తగ్గినా ఉప్పు శాతం, గేజీల తేడా మారకపోతే: ముందు థర్మామీటరు చూడండి.

ధార 10 శాతం తగ్గినా, గేజీల తేడా 15 శాతం పెరిగినా కడగాలి. మురికి గట్టిపడ్డాక కడిగితే ఫలితం ఉండదు. జిగురు, గార రెండూ ఉంటే ముందు క్షార ద్రావణంతో, తర్వాత సిట్రిక్ ఆసిడ్ లాంటి ఆమ్లంతో. ముందే ఆసిడ్ పోస్తే జిగురు ఇంకా గట్టిగా పట్టుకునే ప్రమాదముంది.

సముద్రమూ ఒకేలా ఉండదు

చెన్నై దగ్గర మీంజూరు ప్లాంటు 2010లో, నెమ్మేలి ప్లాంటు 2013లో రోజుకి చెరో 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీళ్ళని మంచినీళ్ళు చేయడం మొదలుపెట్టాయి. సముద్రంలో ఉప్పు బోరులోలా రెట్లకి రెట్లు మారదు. అక్కడ మారేది బురద, పాచి. తుపాను వచ్చి తీరం దగ్గర అడుగు బురద కదిలితే ముందు ఫిల్టర్లు మొరాయిస్తాయి, ప్లాంటు వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఇది ఎంత దూరం పోగలదో గల్ఫ్ చూసింది. 2008 చివర నుంచి 2009 దాకా ఒమన్, యూఏఈ తీరాల్లో కొక్లోడినియం అనే ఆల్గే విపరీతంగా పెరిగి సముద్రం ఎర్రబడింది. ఆ జీవులు వదిలే జిగురు ఫిల్టర్లని ఊపిరాడనివ్వలేదు. కొన్ని ప్లాంట్లు వారాల తరబడి మూతపడ్డాయి. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి వెళ్ళిన మనవాళ్ళు లక్షల్లో ఉన్న దేశాలవి, తాగేది చాలావరకు సముద్రం నుంచి తీసిన నీళ్ళే. ఆ అనుభవం తర్వాత ఆ ప్రాంతంలో కొత్తగా కట్టిన ప్లాంట్లలో, నీటిలోకి సన్నటి గాలి బుడగలు వదిలి ఆల్గేని పైకి తేల్చి తీసేసే తొట్లు చోటు చేసుకున్నాయి. పొరలో లోపం లేదు. ఉన్న లోపమల్లా, నీళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉంటాయనుకుని వేసిన డిజైన్లో ఉంది.

రుచి కోసం కలిపే నీళ్ళు

ఫ్లోరైడ్ కథ మనకి కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఫ్లోరోసిస్‌ని 1937లోనే గుర్తించారు. నల్లగొండ బాధ దేశమంతా ఎరుగుదురు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్ల క్యాను 2 రూపాయలకి ఇవ్వడానికి నమ్ముకున్నదీ ఇలాంటి శుద్ధి ప్లాంట్లనే. ఇక్కడ పొర పని రుచి బాగుచేయడం కాదు, ఎముకల్ని కాపాడడం.

ఆర్‌ఓ నీళ్ళు చప్పగా ఉన్నాయని చాలా ప్లాంట్లలో కాస్త బోరు నీళ్ళు కలుపుతారు. ఇళ్ళలో వాడే ప్యూరిఫైయర్లలో టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న మర కూడా చేసేది ఇదే. బోరులో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న కాలంలో బిగించిన మర బాగానే పనిచేస్తుంది. లోతుకి దిగిన కొత్త బోరులో ఫ్లోరైడ్ 4 ఉందనుకుందాం. పొర దాటి వచ్చే నీళ్ళలో 0.3 ఉంటుంది, ఆ మేరకు క్షేమమే. అయిదో వంతు బోరు నీళ్ళు కలిస్తే మాత్రం మొత్తం 1.04 అవుతుంది. భారత ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేకపోతేనే 1.5 దాకా ఒప్పుకుంటారు. పొర కాపాడిందాన్ని మర పోగొట్టింది. మీటరు మీద టీడీఎస్ మాత్రం తాగదగిన అంకెలోనే ఉంటుంది.

ప్లాంటు నడిపేవాళ్ళు చేయగలిగింది

ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గోడకి ఒక నోటుబుక్కు వేలాడదీసి, రోజూ ఒకే వేళకి బోరు టీడీఎస్, క్యాను టీడీఎస్, మంచినీళ్ళ ధార, రిజెక్ట్ ధార, రెండు గేజీల ఒత్తిడి, నీటి ఉష్ణోగ్రత రాస్తే సరిపోతుంది. పది నిమిషాల పని. మూడు నెలలు రాసిన పుస్తకం చేతిలో ఉంటే మెకానిక్కు మాట మీద ఆధారపడే అవసరం చాలావరకు తీరిపోతుంది.

ఏడాదికి రెండుసార్లు, మే నెలలోనూ వానలు వెనకబట్టాక అక్టోబరులోనూ, బోరు నీళ్ళనీ క్యాను నీళ్ళనీ ల్యాబుకి పంపి ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కాఠిన్యం చూపించాలి. బోరు మార్చినా, కలిపినా ఇంకోసారి. వేసవిలో ధార తగ్గితే వాల్వు బిగించే బదులు ఇంకో గంట ఎక్కువ నడపాలి. రిజెక్ట్ ఎక్కువ పోతుందన్నది నిజమే. ఆ నీళ్ళని గిన్నెలు తోమడానికి, బండ్లు కడగడానికి వాడుకోవచ్చు. తిరిగి బోరు పక్క గుంతలోకి మాత్రం పోయకూడదు. మనం వేరు చేసిన ఉప్పూ ఫ్లోరైడూ అదే బోరులోకి దిగి వచ్చే ఏడాది మళ్ళీ మన పొర మీదికే వస్తాయి. ఇంకుడు గుంతలోకి వెళ్ళాల్సింది డాబా మీది వాననీళ్ళు.

ఇక పంచాయతీలు, దాతలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ప్లాంటు కొనే చోట జరిగే పొరపాటు మొదటి రోజే జరిగిపోతుంది. ఏ డిసెంబరులోనో ఒక్క సీసా నీళ్ళు పరీక్షకి పంపి, ఆ రిపోర్టు మీద డిజైన్ చేసి, గంటకి 1000 లీటర్ల ప్లాంటు అని బోర్డు రాయిస్తారు. ఆ వెయ్యి లీటర్లు 25 డిగ్రీల వేడిలో, ఆ సీసా నీళ్ళకి మాత్రమే నిజం. కొనేముందు అడగాల్సింది ఇది: ఏ టీడీఎస్‌కి, ఏ ఉష్ణోగ్రతకి, పోసిన నీళ్ళలో ఎన్నో వంతు రాబడితే ఆ వెయ్యి లీటర్లు? మే నెల నీళ్ళకైతే ఎన్ని? మూడేళ్ళు పాతబడ్డ మెంబ్రేన్‌తో అయితే ఎన్ని? దీనికి మెంబ్రేన్ కంపెనీల సాఫ్ట్‌వేర్ అరగంటలో లెక్క కట్టి ఇస్తుంది. ఆ కాగితం ఇవ్వలేని వాళ్ళ దగ్గర, ధర ఎంత తక్కువైనా, ప్లాంటు కొనకపోవడమే మేలు.